అమ్మవారి వంతు నాడు వల దిగదు

నెల్లూరు తీరానికి వెళ్తున్నానని చెప్పినప్పుడు మా భీమవరంలో ఎవరూ ఏం పని మీద అని అడగలేదు. చేపల పులుసు కోసమే అనుకున్నారు. పక్కింటి సూర్యకాంతం గారైతే అక్కడి పులుసులో మామిడికాయ ముక్క ఎప్పుడు వేస్తారో కనుక్కురమ్మని పని కూడా అప్పజెప్పారు. చేపలూ రొయ్యలూ మన చెరువుల నిండా ఉండగా రైలెక్కి అంత దూరం పోయి తినడమేమిటని మా ఆయన సణిగారు. అసలు సంగతి చెబితే ఇంకా సణుగుతారని నేను ఊరుకున్నాను.

నేను వెళ్లింది గ్రాఫుల కోసం. కాలేజీలో లెక్కలు చెప్పి చెప్పి జుట్టు తెల్లబడ్డ మనిషిని. మా రకం వాళ్లు సముద్రం చూడడానికి వెళ్లినా అలల్ని వదిలేసి అలల మధ్య దూరం లెక్కపెడతారు. కాబట్టి ఈ యాత్రలో అక్కడక్కడా లెక్కలు తగులుతాయి. భయపడకండి, ముళ్లు తీసే వడ్డిస్తాను.

కావలి

రైలు దిగేసరికి సాయంత్రమైంది. ఎస్తేరు, ఆమె భర్త ప్రభుదాసు స్టేషన్‌కి వచ్చారు. ఎస్తేరు ఇక్కడి ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరరు. ప్రభుదాసుకు హైవే పక్కన టైర్ల షాపు ఉంది. ఎస్తేరు పిహెచ్‌డి గైడు, నేను ఒకప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఆయనే నాకు ఫోన్ చేసి, "మంగళవారం మా ఎస్తేరుకు వైవా. ఒక్క ప్రశ్న దగ్గర ఇరుక్కుపోయింది. నువ్వు ముందుగా వెళ్లి పక్కన కూర్చుని ప్రశ్నలడిగి కాస్త రాటుదేల్చు" అన్నాడు. వైవా అంటే పరీక్షకుల ముందు కూర్చుని తన సిద్ధాంతాన్ని తనే కాపాడుకోవడం. ఎస్తేరుకు యూనివర్సిటీ ఇచ్చిన గడువులన్నీ అయిపోయాయి. ఇప్పుడు జవాబు చెప్పలేకపోతే ఇన్నేళ్ల పని వెనక్కి వస్తుంది, ఇంకో గడువు ఉండదు. డాక్టరేటు లేకపోతే వచ్చే ఏడాది ఆ ఉద్యోగం కూడా ఉండేలా లేదు.

"రండి మేడం, రండి" అని ప్రభుదాసు నా సంచి అందుకున్నాడు. "మా ఎస్తేరు పొద్దుట్నుంచీ ఒక్క మాట మాట్లాడలే. ఆ గ్రాఫు తేలిందాకా మా ఇంట్లో కూరలో ఉప్పు కూడా తేలేట్టు లేదు."

"నువ్వు ఊరుకో" అంది ఎస్తేరు.

"మాట్లాడింది! మేడం, మీ కాలు మంచిది."

రాత్రి భోజనంలో ఉప్పు తేలింది గానీ పులుపు, కారం అంతకంటే ఎక్కువ తేలాయి. మా గోదావరి వైపు పులుసు నాలుకను పలకరిస్తుంది, నెల్లూరు పులుసు నిలదీస్తుంది. నేను మంచినీళ్లు తాగుతూనే మామిడికాయ సంగతి అడిగాను. దించే ముందు వెయ్యాలంది ఎస్తేరు, లేకపోతే ముక్క చితికిపోతుందట. సూర్యకాంతం గారి పని మొదటి రోజే అయిపోయిందని సంతోషించాను.

తర్వాత ప్రభుదాసు అడిగాడు. "మేడం, ఇన్నేళ్లుగా ఈమె ఏం చేస్తా ఉండాదో నాకైతే తెలీదు. టైర్ల భాషలో చెప్పండి చూద్దాం."

టైర్ల భాష నాకు రాదు. ఊరి భాషలో చెప్పాను. ఒక ఊరుంది. ప్రతి ఇంటికీ ఒకే నియమాలు: ఇక్కడి నుంచి తూర్పుకు రెండిళ్లు దాటి వెళ్లొచ్చు, లేదా ఉత్తరానికి మూడిళ్లు దాటి వెళ్లొచ్చు, అలా కొన్ని. తూర్పు ముందు నడిచి తర్వాత ఉత్తరం నడిచినా, ఉత్తరం ముందు నడిచినా చేరేది ఒకే గుమ్మానికి. వరస మార్చినా ఫలితం మారని ఇలాంటి లెక్కలను వినిమయ సమూహాలంటాం. ఇళ్లను చుక్కలుగా, నియమాలను గీతలుగా గీస్తే అదే గ్రాఫు.

"పులుసుకు మాత్రం వరస ముఖ్యం" అన్నాడు ప్రభుదాసు. "మామిడికాయ ముందేస్తే ఒక పులుసు, తర్వాతేస్తే ఇంకో పులుసు."

చురుకైనవాడే. నేను కొనసాగించాను. ఆ ఊళ్లో ఒక ఇంట్లో పుకారు పుట్టింది. గంటకోసారి ఏదో ఒక నియమం పట్టుకుని ఇంకో ఇంటికి దూకుతుంది. అది ఏ ఇంట్లోనైనా సమానంగా తగిలే వీలు ఎంత త్వరగా వస్తే ఆ గ్రాఫు అంత బాగా విస్తరిస్తుందని లెక్క. ఈ విషయంలో వినిమయ సమూహాలకు చెడ్డపేరుంది. ఎన్ని దారులు తొక్కినా అవే గుమ్మాల్లో తేలడం వల్ల పుకారు తిరిగిన చోటే తిరుగుతుంది. ఊరు పెరిగేకొద్దీ నియమాలనూ పెంచుకుంటూ పోతే తప్ప పని జరగదు. ఎన్ని నియమాలు చాలు, వాటిని ఎలా ఎంచుకోవాలి అన్నదే ఎస్తేరు సిద్ధాంతం.

"మరి చిక్కేంది?"

చిక్కు ఇది. బిందె కొనేటప్పుడు వేలితో కొట్టి మోత విని పగులుందో లేదో తేల్చుకుంటాం కదా. గ్రాఫులకూ అలాంటి మోతలుంటాయి, అన్నింటినీ కలిపి స్పెక్ట్రం అంటారు. మోతలు త్వరగా అణిగిపోతే పుకారు త్వరగా సర్దుకున్నట్టు. ఎస్తేరు అన్ని మోతలూ అణిగిపోతాయని చూపించింది, ఒక్కటి తప్ప. ఆమె ఎంచుకున్న నియమాలన్నీ ఊరి మధ్య కాలవను దాటించేవే. పుకారు పడమటి గట్టున పుడితే తర్వాతి గంటకు తూర్పు గట్టున ఉంటుంది, ఆ తర్వాతి గంటకు మళ్లీ పడమట. ఎన్నేళ్లు గడిచినా ఒక గంటలో ఒక గట్టు మీదే ఉంటుంది తప్ప ఊరంతటా సమానంగా పరుచుకోదు. ఆ ఇటూ అటూ ఊగే మోత అణగదు. సిద్ధాంతం చదివిన పరీక్షకుడొకాయన తన నివేదికలో సరిగ్గా అక్కడ వేలు పెట్టి, దీనికేమంటారని అడిగాడు.

"కాలవ పూడ్చేస్తే పోలా?" అన్నాడు ప్రభుదాసు.

కాలవ పూడిస్తే ఆమె ఎంచుకున్న నియమాలే మారిపోతాయి, సిద్ధాంతం మొదటికొస్తుంది. నాకు రైల్లోనే ఒక మందు తట్టింది. చెప్పబోయాను. ఎస్తేరు చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పొద్దు మేడం. మీకు తెలిసినట్టు మీ మొహంలోనే కనపడతా ఉండాది. మీరు చెప్తే అది మీదవుతుంది. రేపు ఆయన ఇంకోటి అడిగితే నేను నోరు తెరుచుకుని చూడాల్సొస్తుంది."

ఆ మాట నాకు నచ్చింది, కోపమూ వచ్చింది. సహాయం చెయ్యడానికి వచ్చినదాన్ని నోరు మూసుకుని కూర్చోమంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో జవాబు తెలిసి చెప్పకుండా ఉండాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మైపాడు

మర్నాడు ఎస్తేరుకు గాలి మార్పు కావాలని ప్రభుదాసు షాపును కుర్రాడికి అప్పజెప్పి మమ్మల్ని నెల్లూరు మీదుగా మైపాడు బస్సెక్కించి తనూ ఎక్కాడు. కిటికీ పక్కన సీటు కోసం ఒక పెద్దాయనతో నేను గొడవపడి గెలిచాను. తర్వాత ఆ కిటికీ అద్దం మూసుకోదని తెలిసింది. సముద్రం చేరేసరికి నా తలలో సగం దారి దుమ్ము ఉంది.

మా వైపు సముద్రం చూడడానికి వెళ్తే గుళ్లో దండం పెట్టుకున్నట్టు కాసేపు చూసి వచ్చేస్తాం. ఇక్కడ జనం సముద్రంతో సంసారం చేస్తారు. ఒక పక్క పడవలు లాగుతున్నారు, ఒక పక్క వలలు చిక్కు తీస్తున్నారు, ఇంకో పక్క ఇసుక మీద చేపలు ఎండుతున్నాయి. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాను. తిరిగి వచ్చేసరికి ఒక చెప్పే మిగిలింది. రెండోది అల పట్టుకుపోయింది. ప్రభుదాసు మోకాళ్ల దాకా తడిసి వెతికి, ఎవరిదో మగవాళ్ల చెప్పు పట్టుకొచ్చాడు.

"సైజు సరిపోతే ఇబ్బందేముంది మేడం?"

ఎండు చేపల గంప ముందు కూర్చున్న ఆవిడ ఇదంతా చూసి పడీ పడీ నవ్వింది. నవ్వినందుకు శిక్షగా బేరం మొదలుపెట్టాను. "ఈ ఎండు సావడాయలు ఎలా ఇస్తారండి? కాస్త తగ్గించండి" అన్నాను.

"ఏందక్కా, అండీ అండీ అంటా బేరమాడతావే? అండీ అన్నందుకు తగ్గించాలంటే నేను యాపారం మానుకోని ఇంట్లో కూసోవాల."

"పోనీ అండీ అనను. తగ్గించు."

"ఇప్పుడు మర్యాద కూడా లేదు. ఎట్టా తగ్గించేది?"

చివరికి ఆవిడ చెప్పిన ధరకే కొని, పైగా ఆవిడ మంచి మనిషని నేనే పొగిడి వచ్చాను. ఆవిడ ఒక పొట్లం నిండా కట్టి ఇచ్చింది. ఆ పొట్లం ఈ యాత్రలో నాకంటే ఎక్కువ పేరు తెచ్చుకుంటుందని అప్పుడు తెలియదు.

ఎస్తేరు ఇవేవీ పట్టించుకోలేదు. తడి ఇసుక మీద ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు నడుస్తూనే ఉంది. ఒకసారి నా ముందు ఆగి, "నియమాలన్నీ కాలవ దాటించేవే కావడం నా తప్పు కాదు మేడం. అవే కదా మిగతా మోతలన్నిట్నీ అణచింది" అంది. నేను తల ఊపాను. తల ఊపడం కూడా సాయం చేసినట్టే అని నా వైపు కోపంగా చూసింది.

నెల్లూరు, ఆదివారం

ఎస్తేరు అక్క ఇంట్లో దిగాం. ఆ ఇంటి పులుసు కూడా నన్ను నిలదీసింది. మామిడికాయ సంగతి అక్కను అడిగితే, ముక్కలు మొదటే వెయ్యాలంది, లేకపోతే పులుసుకు రుచి పట్టదట. దించే ముందు వేస్తారట కదా అన్నాను. "ఎవురు చెప్పినారు? మా ఎస్తేరా? దానికి లెక్కలు తప్ప ఏం తెలుసు?" అంది. సూర్యకాంతం గారి పని మళ్లీ మొదటికొచ్చింది.

ఆదివారం పొద్దున్నే అందరం చర్చికి బయలుదేరాం. నేను గుడికెళ్లే మనిషిని, చర్చిలో ఆరాధనకు కూర్చోవడం అదే మొదటిసారి. చెప్పులు బయట విడవడం మన గుళ్లలాగే. గంట బదులు పాట, తీర్థం బదులు ప్రసంగం. ప్రసంగం మాత్రం మా ప్రిన్సిపాలు ఉపన్యాసమంత పొడవుంది. ఎండు చేపల పొట్లం ఇంట్లో పెడితే చీమలు పడతాయని సంచిలో పెట్టుకుని తెచ్చాను. అది పొరపాటని ఒక పిల్లి ద్వారంలోంచి నేరుగా నా దగ్గరికి నడిచి వచ్చినప్పుడు తెలిసింది. ముందు వరసల్లోని వాళ్లు ముక్కులు ఎగబీలుస్తూ వెనక్కి తిరిగారు. ప్రభుదాసు కళ్లు మూసుకుని గాఢమైన ప్రార్థనలో ఉన్నట్టు నటించాడు. పిల్లి నా ఒడిలో తల పెట్టుకుని ప్రసంగమంతా విన్నది.

చివర్లో పాస్టరు గారు ఎస్తేరును నిలబెట్టి ఆమె పరీక్ష కోసం ప్రార్థించారు. "ప్రభువా, మా సహోదరి గ్రాఫులు నలుదిక్కులా విస్తరించునట్లు కృప చూపుము" అన్నారు. ఆమేన్ అన్నారందరూ, అందరికంటే గట్టిగా నేను. సరిగ్గా ఆమెకు కావలసింది అదే కదా.

బయటికి వచ్చాక ఎస్తేరు కళ్లు తుడుచుకుంటోంది. "ఇంతమంది ప్రార్థన చేస్తా ఉండారు. ఎల్లుండి నేను ఆడ కూర్చుని తెల్లమొహం వేస్తే వీళ్లందరికీ ఏం చెప్పాల మేడం?" అంది. నాకు గొంతు దాకా వచ్చిన జవాబు మింగేశాను. మింగడం కష్టమైంది. ఆ పిల్ల అంటే నాకు అప్పటికే అంత ఇష్టం కలిగింది.

మనసు మళ్లించడానికేమో, ఎస్తేరే చెప్పింది. వాకాడు అవతల ఉప్పుటేరు పక్కన ఒక పల్లెలో తన హాస్టలు స్నేహితురాలు మస్తానమ్మ ఉంది. ఏటిలో వల వేసే హక్కు ఆ పల్లెలో ఎనిమిది కుటుంబాలది. రోజుకొక కుటుంబం వంతు. "మొన్న ఫోన్లో, అంతకు ముందాదివారం మా వంతయింది అనింది మేడం. ఎనిమిది ఇళ్లు. అంటే రేపు సోమవారం మళ్లీ వాళ్లదే. పోయి తాజా రొయ్యలు తినొద్దాం. చెప్పకుండా పోతే ఇంకా సంతోషపడుతుంది."

లెక్క ఒప్పుగానే ఉంది. లెక్కల లెక్చరర్లం ఇద్దరం వేళ్లు మడిచి సరిచూసుకున్నాం. ప్రభుదాసు కూడా మడిచాడు.

వాకాడు దాటాక

వాకాడు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారి పొడవునా వరి చేలు, తర్వాత ఉప్పు నేల, తర్వాత నీళ్ల వాసన. ఆటో డ్రైవరు అరవం, తెలుగు కలిపి మాట్లాడుతున్నాడు, అతనికి రెండింటికీ తేడా ఉన్నట్టు లేదు. దారిలో నా మగ చెప్పు చూసి, "చెప్పు మార్చి వేసుకున్నారమ్మా" అని రెండుసార్లు హెచ్చరించాడు.

పల్లె చేరేసరికి ఏరు ఖాళీగా ఉంది. ఒక్క వల లేదు, ఒక్క పడవ కదలడం లేదు. మగవాళ్లంతా నీడలో కూర్చుని ఉన్నారు. మస్తానమ్మ మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చి ఎస్తేరును కావలించుకుంది. తర్వాత ఎందుకొచ్చామో విని తల పట్టుకుంది.

"మేయ్ ఎస్తేరూ! ఇయ్యాళ మా వంతని నీకెవురు చెప్పినారు?"

"నువ్వే గదా. ఎనిమిదిళ్లు అన్నావు. అంతకు ముందాదివారం మీది. లెక్కేసుకుంటే సోమవారమే గదా."

"ఎనిమిదిళ్లే. మరి అమ్మ ఏమైపోయింది? అమ్మని లెక్కలోంచి తీసేసినావా?"

సంగతి అప్పుడు తెలిసింది. ఎనిమిది కుటుంబాల వంతులు అయ్యాక తొమ్మిదో రోజు ఊరి అమ్మవారిది. ఆ నాడు వల దిగదు. సోమవారం అమ్మవారి వంతు, మస్తానమ్మ వాళ్లది మంగళవారం. ఇద్దరు లెక్కల లెక్చరర్లు, ఒక టైర్ల వ్యాపారి కలిసి వేళ్లు మడిచి తప్పు రోజుకు రావడం చూసి ఆ పల్లె పల్లెంతా నవ్వింది.

రొయ్యలు లేవు. ఏం వండాలో తోచక మస్తానమ్మ ఇల్లంతా వెతుకుతుంటే నేను సంచిలోంచి మైపాడు పొట్లం తీశాను. మస్తానమ్మ మామ పోలయ్య వాసన పట్టి లేచి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? చేపలు పట్టేవాళ్లింటికి ఎండు చేపలు తెచ్చిండారా?"

"అతిథులం కదండి, చేతులూపుకుంటూ రావడం మా వైపు మర్యాద కాదు" అన్నాను.

"మంచి మర్యాద. రేపు మీ ఊరికొస్తే మేం ఒడ్లు తెస్తాంలే."

ఆ పూట ఎండు చేపలూ వంకాయా కలిపి పులుసు. మస్తానమ్మ చేతి వంటకు వంక పెట్టడానికి లేదు. మామిడికాయ ఎప్పుడు వెయ్యాలని అడిగితే, "ఇంట్లో ఉంటే వేస్తాం, లేకుంటే లేదు. దానికో పొద్దా?" అంది. సూర్యకాంతం గారికి ఈ జవాబే చెబుదామని నిర్ణయించుకున్నాను.

తింటూ ఉండగా నేను అడిగాను, అసలు అమ్మవారికి వంతెందుకని. ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. పోలయ్య, "అమ్మ మాత్రం తినొద్దా?" అన్నాడు. ఆయన భార్య, వలలు బాగుచేసుకునేదానికి ఒక పొద్దు కావాలంది. మస్తానమ్మ భర్తయితే, తాతల నాడు తొమ్మిదో ఇల్లు ఉండేదని, ఆ వంశం ఆగిపోతే వాళ్ల వంతు ఎవరికివ్వాలో తేలక తన్నుకులాడి చివరికి అమ్మకిచ్చారని చెప్పాడు. పోలయ్యకు ఈ కథ నచ్చలేదు, పళ్లెం ముందు నుంచే కొడుకును కసురుకున్నాడు.

"ఏదైనా గానీ, ఊరికే ఒక రోజు పోతా ఉండాది" అంది మస్తానమ్మ. "ఈ తూరి ఊరి కూటంలో దాన్ని తీసెయ్యమని అడగాలని ఆడోళ్లంతా అనుకుంటా ఉండాం. తొమ్మిది పొద్దులకొక తూరి వచ్చే వంతు ఎనిమిది పొద్దులకే వస్తాది గదా."

ఎస్తేరు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "వల ఎప్పుడూ ఒక చోటే వేస్తారా?"

"లేదు. ఒక నాడు మొగ కాడ, మర్నాడు లోపలి మడుగులో" అన్నాడు పోలయ్య. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, అక్కడ రొయ్య బాగా పడుతుందట. మడుగులో అంతంత మాత్రమే. ఒకే చోట రోజూ వేస్తే చేప చేరదు కాబట్టి మార్చి మార్చి వేస్తారు. అమ్మ వంతు నాడు వల దిగకపోయినా చోటు లెక్క మాత్రం ఆగదు. ఆ రోజు మొగదైతే మొగ అమ్మదే.

"పోయిన తూరి మీకు ఏది పడింది?"

"మడుగు" అంది మస్తానమ్మ. "రేపు మొగ. అందుకే గదా నిన్ను రేపు రమ్మనాల్సింది."

ఎస్తేరు పళ్లెం పక్కన పెట్టేసింది. "మేయ్, మీకు మడుగు పడిన తూరి అమ్మ వంతు తీసేసినారనుకో, మీకు ఎనిమిదో పొద్దు వస్తాది. ఎనిమిదో పొద్దు మళ్లీ మడుగే. ఆ తర్వాత ఎనిమిదో పొద్దు కూడా మడుగే. మీ ఇంటికి ఇంక జన్మలో మొగ రాదు. నీ పక్కింటోళ్లకు ఎప్పుడూ మొగే."

మస్తానమ్మ వేళ్లు మడిచి చూసుకుంది. పక్కింటి వైపు ఒకసారి చూసింది. "అయితే వద్దులే. అమ్మ వంతు అమ్మకే ఉండనీ" అంది.

పోలయ్య మాత్రం ఒప్పుకోలేదు. "అందుకు కాదు మే. అమ్మ మాత్రం తినొద్దా?"

కానీ ఎస్తేరు వినడం లేదు. ఎంగిలి చేత్తోనే లేచి బయటికి పోయింది. పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసుకుని, ఇసుకలో బోర్లించి ఉన్న ఫైబరు పడవ తెల్లటి అడుగు మీద రాయడం మొదలుపెట్టింది. నేను వెనకే నడిచాను.

"ఖాళీ వంతు మేడం!" అంది. "నా నియమాలన్నీ కాలవ దాటించేవే. వాటితో పాటు ఇంకొక్క నియమం చేరుస్తా: ఉన్న చోటే ఉండు. పుకారు ఎప్పుడో ఒక గంట కదలకుండా కూర్చుంటాది. ఒక్క తూరి కూర్చుంటే చాలు, గట్టు లెక్క తప్పుతాది. ఆ ఇటూ అటూ ఊగే మోత మెల్లిగా అణిగిపోతాది."

అప్పుడు నా మందు సంగతి చెప్పాను, ఇక దాయాల్సిన పని లేదు కాబట్టి. నేను అనుకున్నదీ ఇదే రకం: ప్రతి గంటకూ పుకారు ఒక నాణెం ఎగరెయ్యాలి, బొమ్మ పడితే కదలాలి, బొరుసు పడితే కూర్చోవాలి. ఎస్తేరు నా వైపు జాలిగా చూసింది.

"అట్టయితే సగం కాలం కూర్చోనే ఉంటాది మేడం. నేను చెప్పిన వేగం సగానికి సగం పోతుంది. వాళ్లు అదీ అడుగుతారు."

నిజమే. నా మందు రోగాన్ని కుదిర్చి మనిషిని మంచాన పడేసేది. సగం రోజులు వల మానెయ్యమంటే ఏ పల్లె ఊరుకుంటుంది? ఆమెది అమ్మవారి లెక్క, తొమ్మిదిట్లో ఒక్క వంతులాంటిది. ఇన్ని రోజులు నోరు కట్టుకుని నేను కాపాడుకొచ్చిన రహస్యం పనికిరానిదని తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే సంతోషం పట్టలేక ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నాను, నా చీర నిండా బొగ్గూ పులుసూ అంటుకున్నాయి.

సాయంత్రం దాకా పడవ చుట్టూ తిరుగుతూ తప్పులు పట్టడానికి ప్రయత్నించాను. మిగతా మోతలు ఆమె ముందే అణచి పెట్టింది, మిగిలింది ఈ ఒక్కటే, దానికి ఈ ఒక్క ఖాళీ సరిపోయింది. నాకు తప్పు దొరకలేదు. పోలయ్య వచ్చి పడవ అడుగు చూసి, "రేపు మా వంతు, ఈ పడవే మొగకు పోవాల. రాసిందంతా ఎవురు తుడుస్తారు?" అన్నాడు. ప్రభుదాసు ఫోన్లో ఫోటోలు తీశాడు. తర్వాత ముగ్గురం కొబ్బరి పీచు పట్టుకుని ఆ నిరూపణను కడిగాం.

వైవా గది

మంగళవారం నన్ను వెనక వరసలో కూర్చోనిచ్చారు. ఆ ప్రశ్న అడిగిన పరీక్షకుడు సన్నగా, శాంతంగా ఉన్నాడు, అలాంటివాళ్లంటేనే నాకు భయం. ఎస్తేరు బోర్డు దగ్గరికి వెళ్లి ఖాళీ వంతు గురించి నిదానంగా చెప్పింది. నేను సంచి పట్టీని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది ఊడి చేతికొచ్చింది.

ఆయన విని, మేం ఎదురుచూసినట్టే అడిగాడు. "సగం సమయం కూర్చోబెట్టడం మామూలుగా అందరూ చేసే పని. మీరు ఒక్కటే చాలంటున్నారు. ఎందుకు?"

ఎస్తేరు లెక్క చూపించింది. అణగని మోత ఒక్కటే కాబట్టి దానికి ఒక్క ఖాళీ చాలు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"సరే. ఆఖరి ప్రశ్న. ఆ ఒక్క ఖాళీని ఎవరైనా లెక్కలో మర్చిపోతే ఏమవుతుంది?"

"రొయ్యల కోసం పోయి ఎండు చేపలు తిని రావాల్సొస్తుంది సార్" అంది ఎస్తేరు.

వెనక వరసలోంచి నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన కథేమిటని అడిగాడు. ఎస్తేరు అంతా చెప్పింది, మగ చెప్పు సంగతితో సహా. ఆ శాంతమైన మనిషి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, తర్వాత లేచి నిలబడి, "అభినందనలు, డాక్టర్ ఎస్తేరు" అన్నాడు.

మెట్ల మీద ప్రభుదాసు ఉన్నాడు. లోపలికి రానివ్వలేదని అక్కడే అటూ ఇటూ తిరిగి తిరిగి చెమటలో తడిసిపోయాడు. ఎస్తేరు అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అతనూ ఏడ్చాడు, టైర్ల షాపులో ఎప్పుడూ ఏడవలేదని తర్వాత నాకు గట్టిగా చెప్పాడు. ఇంతలో ఫోన్ మోగింది. మస్తానమ్మ.

"మేయ్, మొగ కాడ పడినాయి మే, బుట్టలు బుట్టలు! తినేదానికి ఎవురూ లేరు. మీరు నిన్న వస్తిరి, ఈ పొద్దు రాకపోతిరి!"

సిద్ధాంత గ్రంథం చివరి ప్రతిలో కృతజ్ఞతలు రాసేటప్పుడు ప్రభుదాసు కొంచెం కంగారుపడ్డాడు, అమ్మవారి పేరు రాస్తే పాస్టరు గారు ఏమంటారోనని. ఎస్తేరు ఎవరి పేరూ రాయలేదు. గైడుకూ భర్తకూ స్నేహితురాలికీ ధన్యవాదాలు చెప్పాక, ఆఖరి వాక్యంగా "ఎవరికీ చెందని ఆ ఒక్క వంతుకు" అని రాసింది. పాస్టరు గారికి ఆ మాట ఎంతో నచ్చిందట, వచ్చే ఆదివారం ప్రసంగంలో వాడుకుంటానన్నారట.

అంతకు ముందే, వైవా అయ్యాక భీమవరంలో రైలు దిగగానే మా ఆయన నా కాళ్ల వైపు చూసి, రెండు చెప్పులూ రెండు రకాలేమిటన్నారు. సూర్యకాంతం గారు గేటు దగ్గరే ఆపి, రొయ్యలు తిన్నావా అని అడిగారు.

"లేదండి" అన్నాను. "తప్పు రోజు వెళ్లాం. ఆ రోజు వెళ్లబట్టే ఆ పిల్ల డాక్టరయింది."